గడప తొక్కకూడదు: చ్వాన్‌జౌ కైయువాన్ గుడిలో ఒక పూట

కుంభకోణం నుంచి నాగపట్నం పోయే దారిలో, కావేరి పాయ పక్కన మా పాత ఇల్లు ఉంది. తంజావూరు నాయకరాజుల కాలంలో మా వాళ్ళు ఇటు వచ్చారని ఇంట్లో చెప్పుకునే మాట. ఇల్లు మాత్రం అంత పాతది కాదు. ద్వారబంధం పైపట్టీ మీద తెలుగు అక్షరాల్లో 'శ్రీరామజయం' అనీ, దాని కింద 'విళంబి నామ సంవత్సరం' అనీ చెక్కి ఉంది. తాతలు చెప్పిన లెక్క ప్రకారం అది 1898. ముందు వసారాలో రెండు టేకు స్తంభాలు, వాటి మీద దశావతారాలు ఉన్నాయి. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు. ఇల్లు అమ్మేయాలని నిర్ణయం అయింది గానీ, ఆ ద్వారబంధం, స్తంభాలు ఏం చెయ్యాలన్న దగ్గర రెండేళ్ళుగా మాట కుదరలేదు.

పాత సామాను కొనేవాళ్ళు మంచి ధర చెప్పారు. అమ్మి ఆ డబ్బు అందరూ పంచుకుందామని కొందరన్నారు. చెన్నైలో ఫ్లాటుకు తెచ్చి గోడకు బిగించుకుందామని ఇంకొందరు. పెదనాన్న అయితే, "మన గడప ఇంకొకళ్ళ ఇంటికి పోతే మనం ఉన్నామనే గుర్తే పోతుంది, కదిలించొద్దు" అని పట్టుపట్టాడు. ఈ తగువు నడుస్తుండగానే మేము చైనా వెళ్ళాం. మా అన్న కొడుకు షియామెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, రమ్మని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. మేమిద్దరం, అమ్మ బయల్దేరాం. చ్వాన్‌జౌ పోదామన్నది మాత్రం మా కోరికే. అక్కడ ఒక బౌద్ధ గుడి వెనక వసారాలో కృష్ణుడు ఉన్నాడని చదివి ఉన్నాం.

చ్వాన్‌జౌ పేరు మనలో చాలామందికి తెలియదు. అరబ్బులు, మార్కో పోలో దాన్ని జైతూన్ అన్నారు. సోంగ్, యువాన్ రాజవంశాల కాలంలో, అంటే పదో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా, ప్రపంచంలోని పెద్ద రేవుల్లో అదొకటి. 2021లో యునెస్కో ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఉన్న 22 చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో కైయువాన్ గుడి ఒకటి. షియామెన్ నుంచి రైల్లో ముప్పావు గంట కూడా పట్టలేదు.

గుడి దగ్గర మా కోసం ఒక గైడు వచ్చింది. రిటైరైన బడిపంతులమ్మ, అమ్మ కన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది. మా వాడు ఆమె మాటలు మాకు తెలుగు చేసి చెప్పాడు. అమ్మను ఆమె "ఆయి" అని పిలిచింది. అక్కడ అత్త, పిన్ని వరస పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారట.

లోపలికి అడుగు పెట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. మా వాడు నవ్వాడు. "అవ్వా, గడప తొక్కకూడదట, దాటి రావాలట."

అమ్మ ఆగిపోయింది. "ఇది చెప్పడానికి ఇంత దూరం తీసుకొచ్చావురా?" అంది. అక్కడి గడపలు మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. అమ్మ చీర కొంచెం ఎత్తి పట్టుకుని, మా వాడి భుజం పట్టుకుని, జాగ్రత్తగా దాటింది. ఆ పూటంతా ప్రతి వాకిట్లోనూ ఆ ఇద్దరూ ఒకరికొకరు గడప చూపించుకుంటూనే ఉన్నారు.

ఈ గుడి పుట్టుక గురించి ఒక కథ ఉంది. హువాంగ్ షౌకుంగ్ అనే ధనికుడికి ఇక్కడ పెద్ద మల్బరీ తోట ఉండేదట, పట్టుపురుగుల కోసం. ఒక బౌద్ధ భిక్షువు కలలో కనబడి, గుడికి ఈ చోటు ఇమ్మని అడిగాడు. "నా మల్బరీ చెట్లకు తామరలు పూస్తే ఇస్తాను" అన్నాడు ధనికుడు. కొన్నాళ్ళకు చెట్ల నిండా తెల్ల తామరలు పూశాయి, ఇచ్చిన మాట ప్రకారం తోట ఇచ్చేశాడు. గుడి కట్టింది 686లో, మొదటి పేరు తామర గుడి. 738లో తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ తన పాలనాశకం పేరు మీద ప్రతి పెద్ద మండలంలోనూ ఒక కైయువాన్ గుడి ఉండాలని ఆజ్ఞ ఇవ్వడంతో ఈ పేరు వచ్చింది. ఆ నాటిదని చెప్పే మల్బరీ చెట్టు పడమటి పక్కన ఇప్పటికీ ఉంది. పిడుగు పడి చీలిపోయినా, ఆ చీలికలకు ఊతకర్రలు పెట్టి నిలబెట్టారు. కొత్త ఆకులు వేస్తూనే ఉంది.

పెద్ద మందిరం పేరు మహావీర మందిరం. మహావీరుడంటే ఇక్కడ బుద్ధుడే, జైన తీర్థంకరుడు కాదు. జనం దాన్ని నూరు స్తంభాల మండపం అంటారు. లెక్కపెడితే 86. బుద్ధ విగ్రహాలకు చోటు చాలక కొన్ని స్తంభాలు తగ్గించారని గైడు చెప్పింది. మన వేయి స్తంభాల గుడి లెక్క గుర్తొచ్చి మేము నవ్వుకున్నాం. లోపల వరసగా ఐదుగురు బుద్ధులు బంగారు రంగులో కూర్చుని ఉన్నారు. తల ఎత్తి చూస్తే దూలాల కింద 24 మంది రెక్కల స్త్రీలు కనబడతారు. పైసగం మనిషి, కాళ్ళు పక్షివి. కొందరి చేతుల్లో వాయిద్యాలు, కొందరి చేతుల్లో పళ్ళెం. బౌద్ధుల కథల్లో కిన్నెరలు ఉన్నారు కదా, ఆ జాతివాళ్ళే అనిపించింది. అందం కోసం మాత్రమే పెట్టలేదు వాళ్ళను. పైన ఉన్న దూలాల బరువు వాళ్ళ మీద ఉంది.

ఇక మేము వెళ్ళిన పని. మందిరానికి ముందున్న ఎత్తయిన రాతి అరుగు చుట్టూ సింహాలు, మనిషి ముఖం సింహం ఒళ్ళు ఉన్న బొమ్మలు డెబ్బైకి పైగా ఉన్నాయి. ఏ దక్షిణాది గుడి అధిష్ఠానం మీదైనా కనిపించే వరసే అది. బుద్ధుడి గుడి కింద ఇవి ఎలా వచ్చాయో తెలియాలంటే వెనక్కి పోవాలి. వెనక వసారాలో పదహారు పలకల స్తంభాలు రెండు ఉన్నాయి, నలుపు మీద పచ్చ ఛాయ ఉన్న రాయి. మధ్య మధ్య చతురస్రపు దిమ్మెల మీద గుండ్రటి పతకాల్లాంటి చిన్న శిల్పాలు.

గైడు ఒక పతకం చూపించి, "ఇది మీ దేవుడు, కృష్ణ. కానీ ఈ పిల్లవాడిని ఎందుకు కట్టేశారు? ఎవరినడిగినా సరిగ్గా చెప్పలేదు" అంది.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి పోయి చూసింది. రెండు చెట్ల మధ్య ఒక పసివాడు.

"ఎందుకేమిటి, వెన్న దొంగిలిస్తే వాళ్ళమ్మ రోటికి కట్టేసింది! వాడు ఆ రోలు ఈడ్చుకుంటూ రెండు మద్ది చెట్ల మధ్య నుంచి పోయాడు, చెట్లు కూలాయి. ఆ చెట్లు శాపం తగిలిన కుబేరుడి కొడుకులు." అమ్మ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మా వాడు మాట మాటా చైనా భాషలోకి తిప్పాడు. ఆ పంతులమ్మ సంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. రోలుకు చైనా మాట వెతకడానికి ఇద్దరికీ కాసేపు పట్టింది.

తరవాత పతకాలన్నీ అమ్మే చూపించింది. గోపికల చీరలెత్తుకుపోయిన కృష్ణుడు, కాళీయుడు, హిరణ్యకశిపుడిని చీలుస్తున్న నరసింహుడు. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు దగ్గర అమ్మ ఎక్కువసేపు నిలబడింది. మా ఇళ్ళల్లో తెలుగు చదవడం రానివాళ్ళకు కూడా పోతన గజేంద్రమోక్షంలో రెండు పద్యాలు నోటికి వస్తాయి. అమ్మ మెల్లగా ఒకటి పాడుకుంది. పోతన పదిహేనో శతాబ్దం వాడు. ఈ రాయి చెక్కింది అంతకు ముందే.

ఈ స్తంభాలు అసలు ఈ గుడివి కావు. ఆ ఊళ్ళోనే ఉండిన ఒక హిందూ గుడివి. దాని సంగతి చెప్పే శాసనం ఒకటి 1956లో చ్వాన్‌జౌలో దొరికింది. అక్షరాలు తమిళం, చివర చైనా లిపి కూడా ఉంది. శక సంవత్సరం 1203, చిత్తిరై నెల, చిత్తా నక్షత్రం, అంటే 1281 ఏప్రిల్. సంబంధ పెరుమాళ్ అనే వ్యక్తి చెకచై ఖాన్ ఫర్మానా మేరకు, ఆ ఖాన్ క్షేమం కోసం, శివుడిని ప్రతిష్ఠించాడని అందులో ఉంది. ఆ ఖాన్ కుబ్లాయ్ ఖానే అని పరిశోధకులు చెబుతారు. దేశంగాని దేశంలో గుడి కట్టుకుంటూ, అక్కడి రాజు బాగుండాలని తమ భాషలో రాసుకున్నారన్న మాట. శివుడి పేర రాసిన శాసనమూ, విష్ణు కథలు చెక్కిన స్తంభాలూ ఒకే ఊళ్ళో దొరకడం మన వైపు గుళ్ళు చూసినవాళ్ళకు వింత కాదు.

వాళ్ళు అక్కడికి ఎందుకు పోయారంటే వ్యాపారానికే. 1015, 1033, 1077 సంవత్సరాల్లో చోళ రాజుల రాయబారులు సోంగ్ కొలువుకు వెళ్ళినట్టు చైనా చరిత్రల్లో ఉంది. కైయువాన్ గుడి ఆవరణలోనే ఒక పాత ఓడ పెట్టారు. 1974లో రేవు బురదలోంచి తవ్వి తీసింది, మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు. అడ్డ చెక్కలతో 13 గదులుగా విడదీసి కట్టారు, ఒక గదిలోకి నీళ్ళొచ్చినా ఓడ మునగకుండా. దాంట్లో దొరికిన సరుకు సుగంధపు చెక్కలు, సాంబ్రాణి, మిరియాలు, గవ్వలు. అమ్మ అద్దంలోంచి చూసి, "మన పోపులపెట్టె, పూజగది కలిపి ఓడలో వేసినట్టుంది" అంది.

ఈ శాసనం తమిళ వర్తకులది, ఆ గౌరవం వాళ్ళదే. దాన్ని తెలుగు ఖాతాలో వేసుకోనక్కర్లేదు. కానీ ఆ సముద్రపు దారి మన తీరాన్ని కూడా తాకుతూ పోయింది. ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొమ్మంతా రాజులు లాక్కునే అలవాటును ఆయన వద్దన్నాడు. నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఓడవర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టీలో చీనా కర్పూరం కూడా ఉంది. ఆ తరవాత యాభై ఏళ్ళకు జైతూన్ రేవులో ఓడ ఎక్కిన మార్కో పోలో తన పుస్తకంలో మోటుపల్లి రాజ్యం గురించీ, అక్కడి వజ్రాలు, సన్న బట్టల గురించీ, న్యాయంగా ఏలిన రాణి గురించీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి.

దారి ఒకవైపే కాదు. మా ఇంటి నుంచి బస్సులో పోయే దూరంలో ఉన్న నాగపట్నంలో, సుమాత్రా వైపు శ్రీవిజయ రాజు రాజరాజచోళుడి కాలంలో చూడామణి విహారం కట్టించాడు. చైనా యాత్రికుడు వాంగ్ దాయువాన్ పద్నాలుగో శతాబ్దంలో ఈ తీరాన ఒక ఇటుక గోపురం గురించి రాస్తూ, దాని మీద చైనా అక్షరాల్లో 1267 నాటి రాత ఉందన్నాడు. అది నాగపట్నమే అని పండితులు గుర్తించారు. చైనా పగోడా అని పిలిచే మూడంతస్తుల ఇటుక గోపురం ఒకటి నాగపట్నంలో పంతొమ్మిదో శతాబ్దం దాకా నిలబడే ఉంది. 1867లో, అప్పటి మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోగా, దాన్ని పడగొట్టారు. ఇవాళ అక్కడ చూడటానికి ఒక ఇటుకైనా లేదు. ఆ చుట్టుపక్కల దొరికిన కంచు బుద్ధులు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

గైడుకు ఇది చెప్పాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీ రాళ్ళు మా దగ్గర ఉన్నాయి. మా గోపురం మీ దగ్గర లేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. మాకు మాత్రం తల దించుకోవాలనిపించింది.

అలాగని చ్వాన్‌జౌలో ఆ గుడి క్షేమంగా నిలిచిందనీ కాదు. 1357 నుంచి పదేళ్ళ పాటు ఆ ఊళ్ళో సైన్యాల తిరుగుబాట్లు, ఊచకోతలు జరిగాయి. పరదేశులు చెల్లాచెదురయ్యారు. తరవాత వచ్చిన మింగ్ రాజులు సముద్ర వ్యాపారాన్ని బిగించేశారు. తమిళ వర్తకులు పోయారు, గుడి కూలింది. రాళ్ళు ఊరంతా చెదిరాయి, వంతెనల్లోకి, గోడల్లోకి. కొన్ని ఇప్పుడు ఆ ఊరి సముద్రయాన మ్యూజియంలో ఉన్నాయి. ఒక రాతి మీద ఏనుగు లింగానికి పువ్వు పెడుతుంది, చూడగానే శ్రీకాళహస్తి గుర్తొస్తుంది. మింగ్ కాలంలో కైయువాన్ గుడిని తిరిగి కట్టినప్పుడు ఆ స్తంభాలు, సింహాలు తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మంచి రాయి, మంచి పని, పారెయ్యడం ఎందుకనుకున్నారో ఏమో, తమ బుద్ధుడి గుడి బరువు వాటి మీద పెట్టారు. చెక్కినవాళ్ళు కూడా చాలావరకు అక్కడి శిల్పులే అయి ఉంటారని పండితులంటారు, మన కథల మధ్య చైనా పువ్వులు, చైనా మబ్బులు దూరాయి మరి.

చివరగా జంట గోపురాలు చూశాం. పడమటిది 1237లో, తూర్పుది 1250లో పూర్తయ్యాయి. తూర్పుది 48 మీటర్లు, పడమటిది 44. ముందు కొయ్యతో, తరవాత ఇటుకతో కట్టి, చివరికి రాతితో కట్టారు. ఎనిమిది పలకలు, ఐదంతస్తులు, ఒక్కో గోపురం మీద 80 నిలువెత్తు శిల్పాలు. 1604లో వచ్చిన పెద్ద భూకంపాన్ని తట్టుకున్నాయి. పడమటి గోపురం నాలుగో అంతస్తు మీద కత్తి పట్టిన కోతి వీరుడు ఉన్నాడు. చైనావాళ్ళకు అతడు సున్ వుకాంగ్. అమ్మ మాత్రం కిందనుంచే దణ్ణం పెట్టింది. "పేరేదైతేనేం, ఆంజనేయుడే." ఈ మాట మీద పండితులు కూడా దాదాపు నూరేళ్ళుగా వాదించుకుంటున్నారని మేము చెప్పలేదు.

గుడి బయట ఒక చిన్న కొట్లో కూర్చోబెట్టి గైడు మాకు టీ పోసింది. అక్కడి మిన్నాన్ మాటలో దాన్ని "తే" అంటారు. ఆ తీరం నుంచే డచ్చి ఓడలెక్కి ఆ మాట యూరపుకు పోయి టీ అయింది. మన తేయాకులో ఉన్న "తే" ఇదే. ఇన్నేళ్ళుగా ఆ మాట వాడుతూ, ఎక్కడిదో ఆలోచించనేలేదు.

వస్తూ రైల్లో అమ్మ అడిగింది. "ఆ గుడి కట్టినవాళ్ళ పిల్లలు, మనవలు ఏమయ్యారు?" మేము జవాబు చెప్పలేకపోయాం. రాళ్ళు నిలిచాయి, మనుషులు కలిసిపోయారు. ఆ శాసనంలో ఒక పేరు, ఒక తేదీ, ఒక దేవుడు మిగిలారంటే, ఈ ఒడ్డున ఆ అక్షరాలు చదివేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి. అదే చదివేవాళ్ళు ఎక్కడా లేకపోయి ఉంటే అవి ఒట్టి గీతలు. మా ద్వారబంధం మీది రెండు వరసలు మా పిల్లల్లో ఎంతమంది చదవగలరు? లెక్కపెట్టుకున్నాం. పద్నాలుగు మందిలో ముగ్గురు.

ఊరికి వచ్చాక పెదనాన్న దగ్గర కూర్చుని ఫోటోలన్నీ చూపించాం. స్తంభాల దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. "ఇంకొకళ్ళ గుళ్ళో అయినా, నిలబడే ఉన్నాయే" అన్నాడు. ఆ మాట తరవాత తగువు తేలిక పడింది. మా వీధి చివర పెరుమాళ్ కోవెల్లో భజన మండపం తిరిగి కడుతున్నారు. స్తంభాలు రెండూ దానికి ఇచ్చేశాం. అక్కడ ఎప్పుడూ మనుషులు ఉంటారు, పిల్లలు ఆనుకుని కూర్చుంటారు, ఏడాదికోసారి నూనె పూస్తారు. పాత సామాను వాళ్ళిచ్చే డబ్బు వదులుకోవాల్సి వచ్చింది. ఇద్దరికి ఆ సంగతి ఇప్పటికీ నచ్చలేదు, ఆ మాట దాచడం ఎందుకు.

ద్వారబంధం మాత్రం మండపానికి పొడవు చాలలేదు. ఇల్లు కొన్న తమిళ కుటుంబాన్నే అడిగాం. వాళ్ళు దాన్ని తీయకుండా అలాగే ఉంచుకుంటామన్నారు. ఆ ఇంటావిడ ఒకటే అడిగింది, పైన ఏం రాసి ఉందో చెప్పమని. ఆ రెండు వరసలూ, వాటి అర్థమూ తమిళంలో, తెలుగులో ఒక చెక్క మీద రాయించి లోపలి గోడకు తగిలించి వచ్చాం. రాసిచ్చింది మా చెల్లెలి కూతురు, తెలుగు నేర్చుకుని ఏడాది కాలేదు. ఒక దీర్ఘం తప్పు పోయింది. దిద్దించి మళ్ళీ రాయించాం.

మీ ఇళ్ళల్లో కూడా, హోసూరులోనో బళ్ళారిలోనో బరంపురంలోనో, గడపల మీద, గంటల మీద, ఇత్తడి చెంబుల అడుగున పాత తెలుగు అక్షరాలు ఉంటాయి. వాటిని ఎవరికి ఇస్తారో మీ ఇష్టం. ఇచ్చే ముందు ఒకసారి పిల్లల చేత పైకి చదివించండి.